అన్నీ ఒకే రేడియోలో: రాయపూర్ ఆకాశవాణి కథ

రాయపూర్ సివిల్ లైన్స్‌లో ఒక కాళీమాత గుడి ఉంది. ఊరంతా దాన్ని ‘ఆకాశవాణి కాళీ మందిరం’ అనే పిలుస్తుంది. రేడియో కేంద్రం పేరే అమ్మవారికి చిరునామా అయింది. ఆ కేంద్రం 1963 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు మొదలైంది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు, రాయపూర్ మధ్యప్రదేశ్‌లో ఒక పట్టణం.

ఈ కథలో మనవాళ్ల పాత్ర కూడా కొంత ఉంది. 1962లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ బెజవాడ గోపాలరెడ్డి చేతికి వచ్చింది. 1963 ఆగస్టు 4న విశాఖపట్నం కేంద్రం మొదలైంది. ఆ నెలాఖరుకే కామరాజ్ ప్రణాళిక కింద ఆయన మంత్రి పదవి వదులుకున్నారు. రాయపూర్ గొంతు విప్పేసరికి ఆ కుర్చీలో మరొకరున్నారు. విశాఖ పక్కనున్న విజయనగరం నుంచి రాయపూర్‌కి 1931 నుంచీ రైలు దారి ఉంది. ఆ దారికి రెండు వైపులా రెండు రేడియో కేంద్రాలు రెండు నెలల తేడాతో పుట్టాయన్నమాట.

రాయపూర్ కేంద్రం మీడియం వేవ్ మీద 305.8 మీటర్లు, అంటే 981 కిలోహెర్ట్జ్. తెల్లవారుజామున అక్కడ ముల్లు నిలిపితే ముందు వినిపించేది వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చిన సంకేత సంగీతం. యూరప్ నుంచి బొంబాయి వచ్చి చేరిన ఆ సంగీతకారుడి బాణీ దేశమంతటికీ తెల్లవారు గుర్తు. తర్వాత వందేమాతరం, మంగళ వాద్యం, భజనలు. ఢిల్లీ వార్తలు, ప్రాంతీయ వార్తలు. ఆపై రైతులకు వాతావరణం, స్త్రీలకు ఒక వేళ, పిల్లలకు ఒక వేళ, యువకులకు ఒక వేళ, నాటకం, శాస్త్రీయ సంగీతం, జానపదం. డ్యూటీ ఆఫీసర్ ముందున్న క్యూషీట్‌లో ఇవన్నీ నిమిషాల లెక్కన ఒకదాని కింద ఒకటి ఉంటాయి. భజన నిడివి కాస్త పెరిగినా వార్తలు ఆగవు, భజననే మధ్యలో తగ్గించాలి. విజయవాడ భక్తిరంజని, ఉషశ్రీ ధర్మసందేహాలు, హైదరాబాద్ కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాటలు విని పెరిగిన వాళ్లకి ఈ వరస కొత్తేమీ కాదు.

ఇన్ని రకాలు ఒకే స్టేషన్‌లో ఎందుకు? పెళ్లి విస్తట్లో పులిహోర పక్కనే పాయసం వడ్డించినట్టు రేడియోలో అన్నీ పక్కపక్కన పెట్టే అలవాటు బీబీసీది. 1920లలో సెట్లూ తక్కువే, స్టేషన్లూ తక్కువే. ఇంటిల్లిపాదీ వినేది ఆ ఒక్కటే కాబట్టి అందరికీ అందులోనే తలా కాస్త పెట్టాలన్నది బీబీసీ అధిపతి జాన్ రీత్ పట్టు. మన దగ్గర 1927 జులై 23న బొంబాయిలో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ లైసెన్సు రుసుములు చాలక 1930లో మూతపడింది. ఆ పనిని ప్రభుత్వమే నెత్తినేసుకుంది. 1935లో బీబీసీ నుంచి లయనెల్ ఫీల్డెన్ వచ్చారు. మరుసటి ఏడు జూన్ 8న ఆ ప్రభుత్వ రేడియోకి ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు. బీబీసీ అలవాటు అలా మన స్టూడియోల్లోకి నడిచొచ్చింది.

ఆ తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. బ్రిటన్‌లో అభిరుచిని బట్టి స్టేషన్లు విడిపోయాయి. తేలిక పాటలు ఒకచోట, శాస్త్రీయ సంగీతం మరోచోట. 1967 సెప్టెంబర్ 30 నుంచి ప్రసంగాలు, నాటకాలు, వార్తలు ‘రేడియో 4’కి చేరాయి. మనం మాత్రం భాషను, ప్రాంతాన్ని బట్టి పంచుకున్నాం. మినహాయింపు సినిమా పాటే. 1952లో సమాచార, ప్రసార మంత్రి కేస్కర్ దానికి కళ్లెం వేస్తే శ్రోతలు రేడియో సిలోన్‌కి మళ్లారు. వాళ్లను వెనక్కి రప్పించడానికే 1957 అక్టోబర్ 3న వివిధ భారతి వచ్చింది. సినిమా పాటకి విడిగా ఒక ఇల్లు దొరికిన ఆరేళ్లకి పుట్టింది కాబట్టి, రాయపూర్ కేంద్రంలో మాటకీ మట్టిపాటకీ చోటు మిగిలింది.

ఆ చోటును నింపింది ‘చౌపాల్’. ఊరి రచ్చబండ కబుర్ల లాంటి కార్యక్రమం. అందులో బర్సాతీ భయ్యాగా పలికిన కేసరీ ప్రసాద్ బాజ్‌పేయి అసలు పేరు కన్నా ఆ పేరుతోనే ఇంటింటికీ తెలుసు. ఎరువుల సంగతైనా, విత్తనాల సంగతైనా ఆయన ఛత్తీస్‌గఢీలోనే చెప్పేవారు. బళ్లో, కచేరీలో హిందీ మాట్లాడాల్సిన రైతుకి తన ఇంటి మాట రేడియోలోంచి వినిపించింది. రాత్రంతా సాగే పండవానీ అనే భారత కథాగానం కూడా రేడియో గడియారానికి తగ్గట్టు ఒదగడం నేర్చుకుంది. 1965లో తొలి ఛత్తీస్‌గఢీ సినిమా ‘కహి దేబే సందేస్’ వచ్చింది. మహమ్మద్ రఫీ పాడిన ఆ చిత్రం పాటలు రేడియో మీదే ఊళ్లు తిరిగాయి. వాటిని రాసింది హనుమంత్ నాయుడు. పేరును బట్టి మనవాడేననిపిస్తుంది.

2000 నవంబర్ 1న రాష్ట్రం వచ్చింది, రాయపూర్ రాజధాని అయింది. ముఖ్యమంత్రులకూ ఈ రేడియో అవసరమైంది. 2015లో ‘రమన్ కే గోఠ్’, 2019లో ‘లోక్‌వాణి’ మొదలయ్యాయి. ఈలోగా 2010లో పుట్టిన సీజీనెట్ స్వర ఇంకో తోవ చూపించింది. గోండీ మాట్లాడే మనిషి మొబైల్‌లో ఫోన్ చేసి తన ఊరి గోడు తానే చెప్పుకునే వీలు దొరికింది. ఆకాశవాణి క్యూషీట్‌లో ఆ మనిషికి ఎన్నడూ అంత చోటు లేదన్నది ఒప్పుకోవాల్సిన మాట.

అయినా అందరికీ కలిపి వడ్డించే రేడియోకి పని అయిపోలేదు. ‘హమర్ హాథీ హమర్ గోఠ్’ అని ఛత్తీస్‌గఢ్ ఆకాశవాణిలో ఒక కార్యక్రమం ఉంది. అడవి ఏనుగుల మంద ఏ ఊరి వైపు కదులుతోందో చెప్పడమే దాని పని. ఫోన్‌లో తనకి నచ్చిన పాటే వెతుక్కునే మనిషి ఏనుగుల కబురు కోసం వెతకడు. పాట కోసం పెట్టిన రేడియోలో అది దానంతటదే చెవిన పడాలి. అడగనిది కూడా వినిపించడం ఈ పాత పద్ధతికున్న బలం. ఏనుగుల దారిలో ఉన్న ఊళ్లకి ఆ బలం ఇప్పటికీ కావాలి.