పోపులపెట్టె నుంచి ఫోను దాకా

డబ్బు ఎంత వచ్చిందన్నది ఒక సంగతి, ఎవరి చేతికి వచ్చిందన్నది మరో సంగతి. సంసారం ఈదే ఆడవాళ్లకి ఈ రెండోదే ముఖ్యం.

వెనకటి రోజుల్లో దూరప్రాంతానికి సొమ్ము పంపాలంటే షావుకార్లు రాసే హుండీలుండేవి. (ఇప్పుడు హుండీ అంటే మనకి గుళ్లో ఉండేదే గుర్తొస్తుంది లెండి.) అది వర్తకుల వ్యవహారం. మామూలు మనుషులకి దారి చూపించింది పోస్టాఫీసు. 1880లో తపాలా శాఖ మనియార్డర్ల పని చేపట్టింది. ఎక్కడో పట్నంలో గుమాస్తాగిరీ చేసే మనిషి కాస్త కమీషను కట్టి డబ్బు పంపితే, పోస్టుమాన్ గుమ్మంలోకి వచ్చి ఇల్లాలి చేతిలో నోట్లు లెక్కపెట్టేవాడు. సంతకం రాకపోతే వేలిముద్ర, పక్కన ఒక సాక్షి. ఫారం అడుగున చిన్న కూపన్ ముక్క ఉండేది. "చంటివాడికి జ్వరం తగ్గిందా?" అని రెండు మాటలు రాయడానికి అందులో చోటు సరిపోయేది. ఎన్ని కాపరాలు ఆ ముక్కమీద నడిచాయో! ఆ పాతపద్ధతి మనియార్డరు 2015లో ఆగిపోయింది.

దాని లోటు దానికీ ఉంది. పోస్టుమాన్ వస్తే వీధంతా చూసేది. అరుగుమీద అత్తగారు ఉండనే ఉండేవారు. అందుకే లెక్కకి అందని డబ్బు వేరే చోట పుట్టింది: పోపులపెట్టెలో, బియ్యం డబ్బాలో, పట్టుచీర మడతలో. కూరల్లో మిగిల్చిన అర్ధరూపాయి, పాత పేపర్లు అమ్మిన పది రూపాయలు. దీన్ని కొందరు మగవాళ్లు దొంగసొమ్ము అని వేళాకోళం చేస్తారు గాని, నెలాఖరున పిల్ల పరీక్ష ఫీజుకి చెయ్యి చాపేది అక్కడే కాదూ?

2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. డబ్బాలన్నీ బోర్లించవలసి వచ్చింది. భార్య దగ్గర ఎంత ఉందో భర్తకి మొదటిసారి తెలిసిన ఇళ్లు ఎన్నో! గృహిణులు బ్యాంకులో వేసే రెండున్నర లక్షల దాకా ఆరా తియ్యమని ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. 2021లో ఆగ్రాలోని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ కూడా, ఆ రోజుల్లో ఇల్లాలు వేసిన అంతలోపు డబ్బుని ఆదాయంగా లెక్కించకూడదంది. పోపులపెట్టెకి దొరికిన గౌరవం అది. కాకపోతే అప్పటికే పెట్టె ఖాళీ.

ఆ ఏడే ఏప్రిల్ 11న యూపీఐ మొదలైంది, డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. నోట్లు లేని ఆ చలికాలంలో పుంజుకుని, 2020లో కోవిడ్ వచ్చి ఒకరినొకరు ముట్టుకోకూడదన్నాక ఇంటింటికీ పాకింది. సుఖం లేదని ఎవరంటారు? చిల్లర లేదంటూ చేతిలో చాక్లెట్ పెట్టే బాధ తప్పింది. హాస్టల్లో ఉన్న పిల్లకి రాత్రి పదింటికి డబ్బు కావాలంటే పడుకున్నచోటి నుంచే పంపుతున్నాం. జాకెట్లు కుట్టేవాళ్లకీ, పచ్చళ్లు పట్టేవాళ్లకీ "రేపిస్తాను వదినా" అనే బాకీలు తగ్గాయి.

ఫోనులో డబ్బు మనకంటే ముందే ఆఫ్రికాలో పుట్టింది. 2007లో కెన్యాలో ఎం-పెసా వచ్చింది. స్వాహిలీలో పెసా అంటే డబ్బే. మన పైసాకి చుట్టం. బ్యాంకు ఖాతా అక్కర్లేదు, మూలమీది కొట్లో నగదిచ్చి ఫోనులో వేయించుకోవడమే. దీనివల్ల సుమారు 1,85,000 మంది ఆడవాళ్లు పొలంపని మాని చిన్న వ్యాపారాల్లోకి వచ్చారని తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే పరిశోధకులు 2016లో లెక్కకట్టారు. తన ఫోనులో తన డబ్బు ఉండటమంటే మాటలా!

మరి మన దగ్గరో? చాలా ఇళ్లలో ఖాతా ఆయనది, దానికి కలిపిన నంబరూ ఆయనదే. ఆవిడ ఫోనులో పది రూపాయలు వేయించుకోవాలన్నా ఆయన్నే అడగాలి. ఒకవేళ ఉమ్మడి ఖాతాయే అయినా, కొత్తిమీర కట్ట కొంటే అక్కడొక పంక్తి, పుట్టింట్లో తమ్ముడికి అయిదువందలిస్తే అక్కడొక పంక్తి. నూటయాభైకి కొని రెండొందలని చెప్పే వీలు ఫోనుకి లేదు. పైగా కూరల బండిమీద పెట్టిన ఆ చిన్న పెట్టె, మీరెంత ఇచ్చారో వీధంతా వినేట్టు చదువుతుంది. పోస్టుమాన్ కాస్త గొంతు తగ్గించేవాడు సుమండీ.

మోసాల గొడవ ఎటూ ఉంది. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నొక్కక్కర్లేదు; ఎవరైనా నొక్కమంటే అది మన డబ్బు పోయే దారే. పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చెయ్యండి. ఆయన ఏమంటారో అని రాత్రంతా దాచుకుంటే దొంగ తీరిగ్గా చక్కబెట్టుకుంటాడు.

నెలకి వంద రూపాయలతో పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ ఇప్పటికీ మొదలుపెట్టవచ్చు. ఫారంలో పేరు మీదే రాస్తారు, సరే. మొబైల్ నంబరు అడిగే గడి కూడా ఒకటుంటుంది. అలవాటు కొద్దీ ఆయన నంబరు వేసేస్తారేమో, అక్కడ మీది వెయ్యండి.