మూడేళ్ళ ఆదివారాలు



చదరంగం బల్ల మీద గింజలు పోసిన కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే రాజుగారి గాదెలు ఖాళీ అయినా చాలలేదట! బల్లకున్నవి 64 గళ్ళు. ఇంకో మూడు చేర్చి 67 గళ్ళూ నింపామనుకోండి. మొత్తం గింజలు 147573952589676412927. ఇరవయ్యొక్క అంకెలు! ఈ సంఖ్య ముడి విడడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది.

ఏమిటా ముడి అంటారా? ముగ్గుకి 12 చుక్కలు పెట్టమంటే వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు పెడతాం. 13 అయితే ఎలా పెట్టినా వరసలు సమానంగా రావు, ఒకటే బారు పెట్టాలి. అలాంటిదాన్ని ప్రధాన సంఖ్య అంటారు. మరి మన పెద్ద సంఖ్య పన్నెండు జాతిదా, పదమూడు జాతిదా?

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి అది ప్రధాన సంఖ్యేనని పుస్తకంలో రాసేశాడు. 1876లో ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త, కాదు, విడిపోయేదేనని రుజువు చేశాడు. కాని ఏ సంఖ్యలుగా విడిపోతుందో ఆయనకూ అంతుపట్టలేదు. కుండ కారుతోందని తెలుసు, చిల్లు ఎక్కడుందో తెలియదన్నమాట!

ఆ చిల్లు పట్టుకున్నది అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. దీన్ని భాగించే సంఖ్య ఏదయినా సరే, దాన్ని 134తో భాగిస్తే 1 మిగలాలని ముందే తెలుసు. అయినా ఆ వరసలో సరయినది ఉన్నది 14,45,580వ చోట! ఒక్కొక్కటే చూస్తే తెమిలే పనేనా? అందుకని ఆయన లెక్కల జల్లెళ్ళు పట్టి, పనికిరానివాటిని ఏరి పారేశాడు. 1903 అక్టోబరులో గణిత సంఘం సభలో జవాబు చూపించాడు: 193707721 × 761838257287. ఆయన మాట్లాడకుండా బోర్డు మీద గుణించి కూర్చున్నాడనీ, ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలన్నాడనీ బెల్ అనే రచయిత తర్వాత రాశాడు.

ఇందులో మనకేముంది అనకండి. గుణించడం తేలిక, విడదీయడం కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్మన్ అనే ముగ్గురు ఈ కిటుకుతోనే రహస్య సమాచారానికి తాళం తయారుచేశారు. ఇంటర్నెట్టులో బ్యాంకు పనులకు అలాంటి తాళాలే కాపలా కాశాయి. కోల్‌గారి సంఖ్యను ఇవాళ కంప్యూటరు క్షణంలో విడదీస్తుంది, అందుకే తాళాలకు ఆరువందలకు పైగా అంకెలున్న సంఖ్యలు కావలసివచ్చాయి.

వంట పొద్దంతా పడుతుంది, తినడం పావుగంటలో అయిపోతుంది. ఆ సంగతి మనకు ఒకరు చెప్పాలా? మీ పిల్లలు లెక్క తెగక విసుక్కుంటే, ఆ రెండు సంఖ్యలూ ఇచ్చి గుణించమనండి. ఒక పూటలో అయిపోతుంది. అవి దొరకడానికి ఎన్ని ఆదివారాలు పట్టిందో ఆ తర్వాత చెప్పండి.