ఆసిఫాబాద్ ప్రాంతంలో మధుమేహం

ఉత్తర తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మధుమేహానికి వాడుక పేరు షుగర్. పెద్దవయసు వాళ్ల నోట చక్కెర బీమారి. ఇక్కడి జనం ఆ రోగంతో ఎలా బతుకుతూ వచ్చారు, వైద్యం వాళ్లకు ఏ క్రమంలో అందింది అన్నది ఈ వ్యాస విషయం. షుగర్‌ను అదుపులో పెట్టే ముఖ్యమైన మందులు 1960ల చివరికే ప్రపంచంలో తయారై ఉన్నాయి. అవి కెరమెరి ఘాటు ఎక్కి, తిర్యాణి అడవుల్లోని గూడేలకు నెలనెలా చేరడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. కాబట్టి ఇక్కడ మందుల చరిత్ర కన్నా అవి వచ్చిన దారుల చరిత్రే పెద్దది.

నిజాం కాలంలో, 1941 వరకు, ఆసిఫాబాదే జిల్లా కేంద్రం. ఆ తర్వాత ఆ హోదా ఆదిలాబాద్‌కు పోయి, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాతో తిరిగి వచ్చింది. జిల్లాలో ఒకచోటి బతుకు ఒకచోట లేదు. జైనూర్, లింగాపూర్, సిర్పూర్ (యూ), తిర్యాణి వైపు గోండు, కోలాం, ప్రధాన్, తోటి గూడేలు. 1942లో ఉత్పత్తి మొదలుపెట్టిన పేపర్ మిల్లు చుట్టూ పెరిగిన కాగజ్‌నగర్. రెబ్బెన మండలం గోలేటిలో సింగరేణి బొగ్గు గనులు. మిల్లు కార్మికుడికి ఈఎస్ఐ దవాఖాన, గని కార్మికుడికి కంపెనీ దవాఖాన ఉండేవి. షుగర్ పరీక్ష, గోలీలు మొదట అందింది వాళ్లకే. షిఫ్టు డ్యూటీతో తిండివేళలు తారుమారయ్యే చిక్కు కూడా ముందు వాళ్లదే అయింది.

జొన్న తగ్గి బియ్యం పెరిగిన కాలం

గోండుల నాయకుడు కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగాక, గోండుల స్థితిగతులను తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన జైనూర్ దగ్గరి మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసి పెట్టాడు. అప్పటి గోండు ఇంటి తిండి జొన్న. గట్క, రొట్టె, అంబలి, వాటి పక్కన కందిపప్పో అడవి కూరో. ఎండాకాలంలో ఇప్పపువ్వు. బియ్యం పండుగకు, చుట్టాలొస్తే.

ఈ తిండి మారడానికి ఎవరి తిండిపోతుతనమూ కారణం కాదు. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పు పట్టడం అన్యాయం. అదే కాలంలో చేన్లలో జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తి అమ్మితే చేతికి డబ్బు వస్తుంది కానీ కంచంలోకి ఏమీ రాదు, కంచం నింపింది రేషన్ బియ్యమే. మూడు పూటలా తెల్లన్నం, దాని మీద పలుచని చారు, నడుమ చక్కెర దండిగా వేసిన చాయ్ అలవాటయ్యాయి. పొట్టు తీసిన బియ్యపు అన్నం రక్తంలో చక్కెరను జొన్న రొట్టె కన్నా తొందరగా పెంచుతుంది. నాగలి పోయి ట్రాక్టర్, నడక పోయి ఆటో వచ్చినచోట ఆ చక్కెర ఖర్చయ్యే పనీ తగ్గింది. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద సన్నబియ్యం ఇస్తున్నారు. గింజ మారినా వచ్చేది బియ్యమే.

చేరువలో దొరికిన మందు

తీయని మూత్రానికి చీమలు పట్టడాన్ని ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలు మధుమేహ లక్షణంగా గుర్తించాయి. ఆసిఫాబాద్ లాంటి ఉర్దూ వాడుక ఉన్న పట్టణంలో యునానీ హకీముల పొడులూ నడిచాయి. అడవి వైద్యంలో పొడపత్రి ఆకు, నేరేడు గింజల పొడి, ఏగిస కట్టె ముఖ్యం. పొడపత్రి ఆకు నమిలాక కాసేపు నాలుకకు తీపి తెలియదు. బెల్లం ముక్క మట్టిలా ఉంటుంది. దాంతో రోగం పోయిందనుకున్నవాళ్లు ఉన్నారు. పోయింది రుచి మాత్రమే. ఏగిస కట్టె నానబెట్టిన నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, వాటిని పరగడుపున తాగుతారు. ఆ చెట్టు మందుపై భారత వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్ష ఫలితాలు 1998లో వెలువడ్డాయి. కొత్తగా షుగర్ బయటపడిన చాలామందిలో అది పనిచేసినట్టు అందులో తేలింది. అయితే పోల్చి చూడడానికి మందు ఇవ్వని గుంపు ఆ పరీక్షలో లేదు. అప్పటికే గోలీలు వాడుతున్నవాళ్లు వాటిని మానేసి కట్టె నీళ్లకు మళ్లడానికి అది ఆధారం కాదు.

పరీక్షనాళిక రోజులు

ఇన్సులిన్‌ను 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఒక పద్నాలుగేళ్ల బాలుడికి ఎక్కించారు. 1956లో టాల్‌బుటమైడ్, 1957లో మెట్‌ఫార్మిన్, 1960ల చివర్లో గ్లిబెన్‌క్లమైడ్ వచ్చాయి. తాలూకా దవాఖానలో మాత్రం చాలాకాలం షుగర్‌ను చూసింది బెనెడిక్ట్ ద్రావణమే. నీలం రంగు ద్రావణం ఐదు మిల్లీలీటర్లు గాజు నాళికలో పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాస్తారు. నీలం అలాగే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉంది, పసుపైతే ఎక్కువ, ఇటుక రంగుకు వస్తే చాలా ఎక్కువ. చూడముచ్చటైన పరీక్షే కానీ ఆలస్యంగా పట్టేది. రక్తంలో చక్కెర దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప మూత్రంలోకి దిగదు. అంటే నాళిక రంగు మారేసరికి రోగం ముదిరి ఉండేది.

ఏజెన్సీలో ఆ నాళిక కూడా అరుదు. వైద్య సిబ్బందికి ఇక్కడ పనంటే మలేరియా, వాంతులు, విరేచనాలు, వానాకాలపు విషజ్వరాలు. రక్తం చుక్కను గాజుపలక మీద తీసుకునేది మలేరియా కోసమే, చక్కెర కోసం కాదు. షుగర్ పట్నపోళ్ల రోగం, కూర్చుని తినేవాళ్ల రోగం అన్న నమ్మకం గూడెంలోనూ దవాఖానలోనూ ఒకటే. తెలుగు నేల మీద ఆ నమ్మకాన్ని కదిలించిన పనులు వేరేచోట జరిగాయి. ఏలూరు చుట్టుపక్కల పల్లెల్లో జరిపిన సర్వే 1989లో అచ్చయింది. 2006లో వెలువడిన గోదావరి జిల్లా పల్లెల అధ్యయనంలో ముప్పై దాటినవాళ్లలో నూటికి 13 మందికి షుగర్ కనిపించింది. గోదావరి డెల్టా వరి పల్లెల లెక్కను ఆసిఫాబాద్ అడవికి అతికించలేం. పల్లె అయినంత మాత్రాన షుగర్ రాదన్న మాట మాత్రం అక్కడితో చెల్లకుండా పోయింది.

104 బండి

ఇక్కడి షుగర్ రోగులకు నిజమైన మలుపు 2008-09లో వచ్చిన 104 బండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లకు నెలలో ఒక ఖాయమైన రోజున వచ్చేది. బీపీ చూసి, వేలు గుచ్చి రక్తం చూసి, నెలకు సరిపడా గోలీలు చేతిలో పెట్టేది. షుగర్ గోలీ ధర పెద్దది కాదు. పనిదినం, ఆటో కిరాయి, దవాఖానలో డాక్టర్ ఉంటాడో లేడో అన్న గుంజాటన కలిస్తేనే భారం. ఆ భారాన్ని బండి దించింది. జ్వరం తగ్గగానే మానేసే మందులే ఎరిగిన ఊళ్లలో, బాగున్నా వేసుకోవలసిన మందు ఉంటుందన్న ఆలోచన బండి రోజుతోనే అలవాటైంది. అది ప్రతి ఊరికీ ప్రతి నెలా తప్పక వచ్చిందని కాదు. వాగు పొంగితే రాలేదు. తర్వాతి ఏళ్లలో తెలంగాణలో ఆ బండ్లు ఆగిపోయాయి, ఆ పని ఆశా కార్యకర్తల మీదికి, ఏఎన్ఎంల మీదికి, పల్లె దవాఖానల మీదికి వచ్చింది.

కేంద్ర ప్రభుత్వం 2010లో మధుమేహం, క్యాన్సర్, గుండె జబ్బుల నివారణకు ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2018 నుంచి ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ ఇంటి దగ్గరే పరీక్షించే పద్ధతి ఊపందుకుంది. ఆశా కార్యకర్త ఒక ఫారం నింపుతుంది. వయసెంత, పొగాకు ఉందా, తాగుడు ఉందా, ఒంటికి పని ఉందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగి, టేపుతో నడుము కొలుస్తుంది. 2021లో జిల్లా స్థాయి ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రాలు తెరిచాక రక్త నమూనాలు పట్నం ప్రైవేటు ల్యాబులకు పోవలసిన అవసరం తగ్గింది. 2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేరోజు ప్రారంభమైన తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఆసిఫాబాద్‌ది ఒకటి. దేశంలో దాదాపు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని ఇండియాబ్ అధ్యయనం లెక్క చెప్పింది కూడా ఆ ఏడాదే.

కొలతలు తప్పేచోటు

నగరాల్లో రాసిన చికిత్సా సూత్రాలు ఈ జిల్లాలో రెండుచోట్ల తడబడతాయి. మొదటిది మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద అది నిలబడింది. గోండు, ప్రధాన్ లాంటి తెగల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. ఆ వ్యాధి పూర్తిగా ఉన్నవాళ్ల కణాలు 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతాయి. కణానికి చక్కెర అంటుకునే సమయమే చాలదు కాబట్టి, ఒంట్లో షుగర్ ఎంతున్నా కాగితం మీద అంకె తక్కువగా వస్తుంది. వ్యాధి లేకుండా జన్యువు మాత్రమే మోసేవాళ్లలో ఫలితం సరైనదా కాదా అన్నది పరీక్షించే యంత్రాన్ని బట్టి ఉంటుంది. ఇలాంటివాళ్లకు పరగడుపున, తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూసిన అంకెలే ఆధారం, లేదంటే ఫ్రక్టోసమైన్ పరీక్ష. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద కార్డులు ఇస్తున్నారు. సికిల్ సెల్ కార్డు, షుగర్ చీటీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చదివే అలవాటు ఏ దవాఖానకైనా ఖర్చు లేని మేలు.

రెండోది నడుము టేపు. బక్కపలచని కోలాం రైతు కొలతలో ఏ ప్రమాదమూ కనిపించదు. కానీ చిన్నప్పటి నుంచి తిండి చాలక పెరిగినవాళ్లకూ ఒక రకం షుగర్ వస్తుందని 1955లో జమైకాలో మొదట రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి 1985లో వేరే గడి ఇచ్చి, 1999లో తీసేసింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 2022లో ప్రచురించిన పరిశోధన దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. వీళ్లలో ఇన్సులిన్ ఊరడమే తక్కువని అందులో తేలింది. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దానికి టైప్ 5 అని పేరు పెట్టింది. బరువు తగ్గమన్న సలహా ఇలాంటి మనిషికి హాని. వాళ్లకు పప్పు, గుడ్డు, పాలు కావాలి. రక్తహీనతకు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రోత్సహించిన ఇప్పపువ్వు లడ్డూ మంచి తిండే. అయితే అందులో బెల్లం ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు లెక్క చూసుకునే తినాలి.

రోజు గడిచే తీరు

పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే గోలీ వేసుకుని, అన్నం చేనుకు పట్టుకుపోయి పగలు ఎప్పుడో తినడం ఇక్కడ మామూలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే పెద్ద ప్రమాదం లేదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ అలా కాదు, తిన్నా తినకున్నా చక్కెరను దించుతూ పోతాయి. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించాలి. ఖాళీ కడుపున ఇప్పసారా పడితే గండం రెట్టింపు. పడిపోయిన చక్కెరను నిలబెట్టే పని కాలేయానిది, సారా దాన్ని ఆ పని చేయనివ్వదు. పైగా తూలుతుంటే తాగుడు మైకమే అనుకుని వదిలేస్తారు.

ఇన్సులిన్ దాచడం ఇంకో తంటా. అది 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉండాలి. ఇక్కడ మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తడి ఇసుక పోసిన కుండలో నీడన పెడతారు. కుండ లోపల బయటి ఎండ కన్నా చాలా చల్లగా ఉంటుంది, సీసా కొన్ని వారాలు నిలుస్తుంది. సూది విషయంలో మూత రంగు చూడాలి. సర్కారు దవాఖానలో ఇచ్చే సీసా సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. ఎర్రమూతకు బదులు నారింజ మూతతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. అప్పుడు షుగర్ ఎందుకు తగ్గలేదో ఎవరికీ అంతుపట్టదు.

కాళ్ల సంగతి చెప్పనక్కరలేదు అనిపించినా చెప్పాల్సిందే. పాదాల స్పర్శ తగ్గినవాడికి పత్తికట్టె మోడు గుచ్చుకున్నా తెలియదు, పుండు వాసన వచ్చాకే తెలుస్తుంది. గోండుల నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్తులు కేస్లాపూర్ నుంచి చెప్పులు లేకుండా నడిచి, జన్నారం వైపు గోదావరి హస్తినమడుగు నుంచి గంగాజలం తెస్తారు. మొక్కును కాదనడం వైద్యుడి పని కాదు. ఆ నడకలో షుగర్ ఉన్నవాళ్లు రోజూ రాత్రి మజిలీలో దీపం వెలుగున అరికాళ్లు ఇంకొకరితో చూపించుకుంటే చాలావరకు గండం గడుస్తుంది.

వానాకాలంలో వాగులు పొంగితే కెరమెరి, తిర్యాణి మండలాల్లో కొన్ని ఊళ్లకు దారి తెగిపోతుంది. అందువల్ల జూన్‌లోనే రెండు నెలల గోలీలు, ఇన్సులిన్ సీసాలు, సూదులు ముందుగా అడిగి తెచ్చుకోవాలి. నెలకు మించి ఇవ్వకూడదన్న నియమం ఎదురైతే, అది రోడ్డున్న ఊళ్ల కోసం రాసిందని ఏఎన్ఎంతో చెప్పి చీటీ రాయించుకోవడం ఒక్కటే దారి.