రెండంచుల బ్లేడు, సబ్బు, బ్రష్: కార్ట్రిడ్జ్ రేజర్ నుంచి పాత పద్ధతికి మారేవారికి

ఇంట గడ్డం గీసుకొనడంలో నేడు రెండు పద్ధతులు ప్రధానంగా కనిపిస్తాయి. రెండు మొదలు అయిదు వరకు బ్లేడ్లను ప్లాస్టిక్ గూడులో బిగించి అమ్మే కార్ట్రిడ్జ్‌ను పిడికి తగిలించి వాడడం ఒకటి. పలుచని రెండంచుల బ్లేడు ఒక్కదాన్ని లోహపు రేజర్‌లో అమర్చి, బ్రష్‌తో సబ్బు నురుగు పట్టించి గీసుకోవడం రెండవది. రెండవదానికి ఇప్పుడు పాత పద్ధతి అన్న పేరు వచ్చింది. సరిహద్దు గ్రామాల్లో చాలా ఇళ్లలో తాతగారి పెట్టె అడుగున నికెల్ పూత పూసిన ఇత్తడి రేజర్ ఒకటి ఇంకా పడి ఉంటుంది. అది పనికిరాని వస్తువు కాదు. దానికి సరిపోయే బ్లేడు ఈనాటికీ ఊరి కిరాణా కొట్టులో దొరుకుతుంది. అయితే మారదలచినవారు మార్చుకోవలసినది పనిముట్టు కన్న ఎక్కువగా చేతి అలవాటును. ఆ సంగతి తెలియక మొదటి రోజే రెండు మూడు చోట్ల తెగగొట్టుకొని, రేజర్‌ను మళ్లీ పెట్టెలో పడవేసేవారే అధికం.

మాట విషయంలోనూ సరిహద్దు కుటుంబాలకు ఒక చిన్న చిక్కు ఉన్నది. తెలుగులో క్షవరం, కన్నడంలో క్షౌర. ఈ రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే కనుక పోల్చుకోవడం తేలిక. కన్నడిగుల ‘గడ్డ’ మన గడ్డమే. తమిళంలో మాత్రం క్షవరాన్ని ‘సవరం’ అంటారు. తెలుగింటిలో సవరం అంటే స్త్రీలు జడకు చేర్చుకొనే వెంట్రుకల పాయ. హోసూరు ప్రాంతపు పిల్లలకు ఈ ఒక్క మాట రెండు భాషలలో చెప్పే రెండర్థాలు నవ్వు తెప్పిస్తాయి. మరాఠీ, ఒడియా మాట్లాడే పొరుగువారికి గడ్డం ‘దాఢీ’.

రేజర్ నడిచిన దారి

పూర్వం గడ్డం గీయడమంటే మంగలికత్తి పనే. దానిని సానబట్టడం, తోలుపై తీటడం, చర్మానికి ఎంత వాలుగా పట్టాలో ఎరుగడం నేర్చిన విద్య. సాన అక్కరలేని పలుచని బ్లేడును వాడి పారవేయడమన్న ఆలోచనను అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ ఆచరణలోకి తెచ్చాడు. అంత పలుచని ఉక్కు రేకుకు పదును నిలిపే ఉపాయాన్ని సాధించినవాడు విలియం నికర్సన్ అనే ఇంజనీరు. 1903లో అమ్మకాలు మొదలైనపుడు ఆ ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. 1904లో పేటెంటు లభించింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు తీసుకొన్నది. ఇంటి వద్ద తానే గడ్డం గీసుకొనే అలవాటు ఆ సైనికులతో పాటు ఊళ్లకు చేరింది.

మొదటి బ్లేడ్లు తడి తగిలితే తుప్పు పట్టేవి. 1960ల ఆరంభంలో ఇంగ్లండుకు చెందిన విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థ తుప్పు పట్టని ఉక్కు బ్లేడ్లను విరివిగా అమ్మడంతో ఆ బాధ తీరింది. తరువాత 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్, 1998లో మూడు బ్లేడ్లది, 2006లో అయిదు బ్లేడ్లది వచ్చాయి. బ్లేడ్ల సంఖ్య పెరిగే కొద్దీ ధర కూడా పెరిగింది.

మన దేశంలో రెండంచుల బ్లేడు ఏనాడూ కనుమరుగు కాలేదు. సెలూన్లలో క్షురకులు పిడిలో బిగించేది ఈ బ్లేడునే సగానికి విరిచి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించే భక్తునికి టోకెన్‌తో పాటు చేతికిచ్చేదీ ఇటువంటి బ్లేడే.

చెంబెడు నీళ్ల సమస్య

కార్ట్రిడ్జ్ గురించి తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉన్నది. జిలెట్ సంస్థ భారతీయుల కోసం తయారుచేసిన ఒక రేజర్‌ను 2002లో ఇక్కడ విడుదల చేసింది. దానిని ముందుగా పరీక్షించినది అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివే భారతీయ విద్యార్థుల చేత. వారందరూ బాగుందన్నారు. ఇక్కడికి వచ్చేసరికి వెంట్రుకలు బ్లేడ్ల నడుమ ఇరుక్కొని రేజర్ మొరాయించింది. అక్కడి విద్యార్థుల ఎదుట కుళాయి ధారగా పారుతుంది. ఇక్కడ లక్షలాది మంది నేలపై కూర్చొని, చేతి అద్దం ఆనించుకొని, ఒక గ్లాసు నీళ్లతో పని ముగించుకొంటారు. ఆ అనుభవంతో సంస్థ మన ఊళ్లకు వచ్చి చూచి, 2010లో ఒకే బ్లేడు గల చౌక కార్ట్రిడ్జ్‌ను తెచ్చింది. అప్పట్లో రేజర్ ధర 15 రూపాయలు, కార్ట్రిడ్జ్ 5 రూపాయలు.

రెండంచుల రేజర్‌లో ఈ ఇబ్బంది సహజంగానే తక్కువ. బ్లేడుకూ కింది పలకకూ మధ్య ఖాళీ ఉంటుంది. చెంబులో రెండుసార్లు ఆడిస్తే నురుగు, వెంట్రుకలు జారిపోతాయి. మంగళవారం, శుక్రవారం గడ్డం ముట్టని ఇళ్లలో నాలుగు రోజుల గడ్డం మామూలే. అటువంటి గడ్డానికి బహుళ బ్లేడ్ల కన్న ఇదే అనుకూలం.

చర్మం మాట కూడా చెప్పుకోవాలి. బహుళ బ్లేడ్ల రేజర్‌లో మొదటి బ్లేడు వెంట్రుకను పట్టి కొద్దిగా పైకి లాగుతుంది. అది వెనక్కి జారేలోగా తరువాతి బ్లేడు మరికొంత కోస్తుంది. ఫలితంగా కొన చర్మం లోపలికి పోతుంది. గడ్డం వంకీలు తిరిగేవారిలో ఆ కొన మళ్లీ పైకి రాక పక్కకు పెరిగి చర్మంలో గుచ్చుకొని, మెడ మీద ఎర్రని కురుపులు లేస్తాయి. ఒకే బ్లేడు వెంట్రుకను చర్మం మట్టానికి కోస్తుంది గనుక చాలామందికి ఈ బాధ తగ్గుతుంది. అందరికీ పూర్తిగా పోతుందని చెప్పరాదు. కురుపులు చీము పట్టేవారు ఏ బ్లేడునూ వాడక కొంతకాలం ట్రిమ్మర్‌తో సరిపెట్టుకొని, చర్మవైద్యునికి చూపించుకోవడం మేలు.

లెక్క

తెలుగులో ‘క్షవరమైంది’ అంటే జేబు ఖాళీ అయిందని కూడా అర్థం. రోజు విడిచి రోజు గడ్డం గీసుకొనేవారికి ఏడాదికి సుమారు 180 క్షవరాలు. ఒక రెండంచుల బ్లేడు 4 సార్లకు వస్తుందనుకొంటే 45 బ్లేడ్లు కావాలి. బ్లేడు 3 రూపాయల చొప్పున 135 రూపాయలు. మూడు బ్లేడ్ల పైరకం కార్ట్రిడ్జ్ 120 రూపాయలు, 10 సార్లకు వస్తుందనుకొంటే 18 కార్ట్రిడ్జ్‌లకు 2,160 రూపాయలు. అంత ఖర్చు భరించలేక గ్రామాల్లో ఒకే కార్ట్రిడ్జ్‌ను రెండేసి నెలలు లాగుతారు. మొద్దుబారిన బ్లేడును నొక్కి నొక్కి గీయడం వల్లనే చెంపలు మండేది. కొత్త లోహపు రేజర్‌కు కొన్ని వందలు ఒక్కసారి పెట్టాలి. సబ్బు బిళ్ల నెలల తరబడి వస్తుంది. ఇప్పటికే ఒకే బ్లేడు గల చౌక కార్ట్రిడ్జ్ వాడుతూ ఏ బాధా లేనివారు డబ్బు కోసం మారవలసిన పని లేదు. వారికి మిగిలేది స్వల్పం.

సరంజామా

తాతగారి రేజర్ దొరికితే మూడు భాగాలుగా విప్పి, గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మరలు శుభ్రం చేయాలి. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో తోమరాదు, నికెల్ పూత దెబ్బతింటుంది. బ్లేడు బిగించిన తరువాత రెండు వైపులా అంచు సమానంగా కనబడుతున్నదో లేదో చూడాలి. ఒకవైపు ఎక్కువగా పొడుచుకొని వస్తే పలక వంగిందన్నమాట. దానిని వాడరాదు.

బ్రష్‌లు పందివెంట్రుకలవి, ఇతర జంతువుల రోమాలవి, నైలాన్‌వి దొరుకుతాయి. మొదటివి వద్దనుకొనే ఇళ్లవారు నైలాన్ అని అడిగి కొనవచ్చు. అది త్వరగా ఆరుతుంది కూడా. సబ్బులలో కొన్నింటిలో జంతువుల కొవ్వు ఉంటుంది కనుక శాకాహారులు పెట్టె మీది వివరం చదువుకోవాలి.

అన్నింటికన్న ముఖ్యం నీరు. పావగడ, కోలారు, అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల బోరు నీటిలో సబ్బు నురగదు, తెల్లని తెట్టు కడుతుంది. సబ్బు చెడ్డదని మార్చి ప్రయోజనం లేదు. గ్రామంలోని శుద్ధనీటి కేంద్రం నుంచి తెచ్చిన నీరు ఒక గ్లాసెడు నురుగుకు చాలు. వాన నీరయితే మరీ మంచిది. ముఖం కడుక్కోవడానికి, రేజర్ జాడించడానికి బోరు నీరే వాడుకోవచ్చు.

గీసుకొనే విధానం

స్నానం చేశాక గడ్డం గీసుకోవాలని పుస్తకాలు చెబుతాయి. వెంట్రుక నీటిని పీల్చి మెత్తబడుతుందన్నది దానికి కారణం. మన ఇళ్లలో క్షవరం తరువాతే స్నానం, ముందు చేసినా మళ్లీ చేయవలసిందే. కనుక గోరువెచ్చని నీటితో ముఖం కడిగి, తడి తువాలును 2, 3 నిమిషాలు గడ్డానికి పట్టి ఉంచితే సరిపోతుంది. నానిన బ్రష్‌ను కొద్దిగా దులిపి సబ్బు మీద అర నిమిషం తిప్పి, ముఖం మీద గుండ్రంగా రుద్దాలి. నురుగు పెరుగులా చిక్కగా, మెరుస్తూ ఉండాలి. బుడగలు పెద్దవిగా ఉంటే నీరు ఎక్కువైంది, ముఖం మీద ఎండుతూ ఉంటే నీరు చాలలేదు.

బ్లేడును పదును లేని పొట్టి అంచుల వద్దనే పట్టుకొని రేజర్‌లో అమర్చాలి. పిడి గడ్డానికి ఎదురుగా తిన్నగా నిలిచేలా రేజర్ తలను చెంపకు ఆనించి, అంచు వెంట్రుకను తాకేవరకు పిడిని మెల్లగా కిందికి వాల్చాలి. అప్పుడు బ్లేడుకూ చర్మానికీ మధ్య కోణం సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. సరిగా కుదిరితే వెంట్రుకలు తెగే సన్నని చప్పుడు వినిపిస్తుంది. కార్ట్రిడ్జ్‌కు ఈ కోణం తయారీలోనే కుదిరి ఉంటుంది, తల దానంతట అది వంగుతుంది. ఇక్కడ ఆ పని మణికట్టుది.

నొక్కరాదు. ఈ మార్పులో కష్టమంతా ఇక్కడే ఉన్నది. కార్ట్రిడ్జ్ వాడిన చేయి తనకు తెలియకుండానే నొక్కుతుంది. ఒత్తిడిని అనేక బ్లేడ్లు పంచుకొంటాయి గనుక అక్కడ చెల్లింది. ఒంటి బ్లేడు ఆ ఒత్తిడినంతా చర్మం మీదనే పెడుతుంది. లోహపు రేజర్ బరువే దానికి చాలు. పిడిని గుప్పిట పట్టక, పిడి చివరన రెండు మూడు వేళ్లతో పట్టుకొంటే నొక్కుదామన్నా వీలు కాదు. ఎడమ చేతితో చర్మాన్ని సాగదీసి, అంగుళానికి మించని చిన్న చిన్న గీతలుగా పోవాలి.

వెంట్రుక పెరిగే దిక్కును ముందురోజే వేలితో తడిమి తెలుసుకోవాలి. నునుపుగా పోయేది అనువైన దిక్కు, గరుకుగా తగిలేది ఎదురు దిక్కు. చెంపల మీద సాధారణంగా పై నుంచి కిందికి, మెడ మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. కొందరికి సుడి కూడా ఉంటుంది. మొదటిసారి అనువైన దిక్కున గీసి, మళ్లీ నురుగు పట్టించి అడ్డంగా గీయాలి. ఎదురు గీయడం మొదటి నెల మానుకొంటే మంచిది. నున్నదనం ఒక్క గీతలో రాదు, కొంచెం కొంచెంగా వస్తుంది.

పని అయ్యాక చన్నీళ్లతో కడిగి, తడి పటిక రుద్దాలి. చిన్న గాట్ల నెత్తురు ఆగుతుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఆ రోజు చేయి బరువు పడిందని తెలుస్తుంది. పటిక ఒక్కొక్కరికి ఒక్కొక్క బిళ్ల ఉండాలి.

అయ్యప్ప దీక్షలో 41 రోజులు పెరిగిన గడ్డాన్ని నేరుగా ఏ రేజర్‌తోనూ గీయరాదు. ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోవాలి.

చేతులు వణికే వృద్ధులకు, రక్తం పలుచబడే మందులు వాడేవారికి కార్ట్రిడ్జే క్షేమం. మధుమేహం ఉండి గాయాలు ఆలస్యంగా మానేవారికీ అంతే. మంచాన ఉన్న తండ్రికి కొడుకు గడ్డం గీసేటప్పుడూ కార్ట్రిడ్జ్ గాని ట్రిమ్మర్ గాని వాడాలి. విమాన ప్రయాణంలో రెండంచుల బ్లేడ్లను చేతి సంచిలో అనుమతించరు, పెద్ద పెట్టెలో వేసి అప్పగించాలి. గల్ఫ్‌కు పోయే పిల్లలకు ఈ మాట ముందే చెప్పి పంపాలి.

వాడిన బ్లేడు

ఉమ్మడి కుటుంబాల్లో తండ్రి గీసుకొన్న బ్లేడుతోనే కొడుకు గీసుకోవడం నేటికీ ఉన్నది. హెపటైటిస్-బి క్రిమి ఒంటి బయట కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదు. కంటికి కనబడని గాటు చాలు. 3 రూపాయల బ్లేడు దగ్గర పొదుపు చూపరాదు, ఎవరి బ్లేడు వారిదే.

వాడిన బ్లేడును తలుపు చట్రంలో దోపడం, పెన్సిల్ చెక్కుకోమని పిల్లవాడికివ్వడం, చుట్టి పెంటదిబ్బ మీద వేయడం ఊళ్లలో అలవాటు. పెంటదిబ్బ మీది బ్లేడు తవుడు, కూరగాయల తొక్కులతో పాటు ఆవు కడుపులోకి పోతుంది. పశువు మేతను నమలక ముందే మింగుతుంది. లోహపు ముక్క కడుపు రెండవ అరలో నిలిచి, గోడను చీల్చుకొని గుండె వరకు పోగలదు. మేత మానడం, వీపు వంచి నిలబడడం, పాలు తగ్గడం చూచి పశువైద్యుడు వచ్చేసరికి తరచు ఆలస్యమైపోతుంది. ఖాళీ పౌడర్ డబ్బా మూతకు బ్లేడు దూరేంత సన్నని గీత కోసి, వాడిన బ్లేడ్లను అందులో వేస్తూ పోవాలి. ఏడాదికి 45 బ్లేడ్లయితే డబ్బా నిండడానికి చాలా ఏళ్లు పడుతుంది. నిండాక గీతకు గట్టి టేపు చుట్టి, లోపల బ్లేడ్లున్నవని చెప్పి పాత ఇనుము కొనేవానికి ఇవ్వాలి.