టైటిల్ పేజీ ఎంతవరకు సాక్ష్యం? – 18వ శతాబ్దపు తొలినాళ్ల ఇంగ్లండ్ పుస్తకాలపై ఒక పరిశీలన

పాత పుస్తకం మీద పరిశోధన చేసేవారు ముందుగా తెరిచేది టైటిల్ పేజీ. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం అన్నీ అక్కడే దొరుకుతాయి. గ్రంథాలయాల కేటలాగులు వాటినే ఎత్తి రాసుకుంటాయి. ఆ కేటలాగులను నమ్ముకుని సాహిత్య చరిత్రలు తయారవుతాయి. కానీ 1700–1740 మధ్య ఇంగ్లండ్‌లో వచ్చిన పుస్తకాల విషయంలో ఈ వివరాలను మరో ఆధారంతో సరిచూసుకోకుండా వాడితే చిక్కుల్లో పడతాం. ఆ పుటను రాయించినవారు పుస్తక వ్యాపారులు. కొనేవారికి, పోటీదారులకు, ప్రభుత్వానికి ఏం తెలియాలని వారు కోరుకున్నారో అదే అందులో ఉంటుంది. వాళ్లేం చెప్పదలిచారో తెలుసుకోవడానికి అది బలమైన ఆధారం. నిజంగా ఏం జరిగిందో తెలుసుకోవడానికి మాత్రం ఒంటరిగా చాలదు. ఈ మాటను పేరున్న కొన్ని పుస్తకాల ద్వారా నిరూపించే ప్రయత్నమే ఈ వ్యాసం.

రెండు వైపుల ఒత్తిడి

1695లో లైసెన్సింగ్ చట్టం గడువు ముగిసింది, పార్లమెంటు దాన్ని పొడిగించలేదు. అప్పటిదాకా పుస్తకం అచ్చుకు ముందే అనుమతి తీసుకోవాలి. అచ్చు యంత్రాలు లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, యార్క్ దాటి ఉండటానికి వీల్లేదు. ఆ కట్టు తెగగానే బ్రిస్టల్‌లోనూ, 1701 నాటికి నారిచ్‌లోనూ అచ్చాఫీసులు వెలిశాయి. 1702 మార్చిలో లండన్ నుంచి తొలి ఇంగ్లీషు దినపత్రిక ‘డైలీ కూరంట్’ మొదలైంది.

అనుమతి పోయినా శిక్ష పోలేదు. డేనియల్ డెఫో 1702 చివర్లో పేరు లేకుండా ఒక మత వివాద కరపత్రం వేశాడు. దాని టైటిల్ పేజీ మీద ప్రచురణకర్త పేరు కూడా లేదు. అయినా ప్రభుత్వం ఆయన్ని పట్టుకుంది. 1703 జులైలో మూడు రోజుల పాటు నడివీధిలో బొండకొయ్యలో నిలబెట్టింది. 1719 నవంబరులో జాన్ మాథ్యూస్ అనే కుర్ర ముద్రాపకుణ్ణి, రాజద్రోహ కరపత్రం అచ్చువేశాడని లండన్‌లోని టైబర్న్ దగ్గర ఉరితీశారు. పేరు దాచుకోవడం ఆ రోజుల్లో ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ఇంకోవైపు, పేరు చాటుకోవాల్సిన అవసరమూ వచ్చిపడింది. 1710 ఏప్రిల్ 10న అమల్లోకి వచ్చిన ఆన్ రాణి కాలపు కాపీహక్కు చట్టం కొత్త పుస్తకాలకు 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. ఆ గడువు తీరేనాటికి రచయిత బతికుంటే మరో 14 ఏళ్లు. అప్పటికే అచ్చయిన పుస్తకాలకు 21 ఏళ్లు. దొంగ ముద్రణ వేసినవాడి మీద చట్టం చూపిన జరిమానా కోరాలంటే పుస్తక వ్యాపారుల సంఘమైన స్టేషనర్స్ కంపెనీ రిజిస్టరులో పుస్తకం నమోదై ఉండాలి. గ్రంథాలయాలకు తొమ్మిది ప్రతులు ఇవ్వాలి. ఆ తొమ్మిది ప్రతుల భారం తప్పించుకోవడానికి చాలామంది నమోదు చేయించుకోనేలేదు. కాబట్టి రిజిస్టరులో ఉంటే ఆ వివరం విలువైనదే. లేకపోతే హక్కుదారు లేడని అనుకోకూడదు.

రచయిత పేరు

1719 ఏప్రిల్ 25న వెలువడిన ‘రాబిన్సన్ క్రూసో’ టైటిల్ పేజీ మీద డెఫో పేరు లేదు. క్రూసో తన కథ తానే రాసుకున్నాడని ఉంది. దాన్నిబట్టి చదివినవారు మోసపోయారని వెంటనే తీర్మానించకూడదు. ఆ ఏడాదే చార్ల్స్ గిల్డన్ అనే రచయిత డెఫోను ఎద్దేవా చేస్తూ ఒక కరపత్రం వేశాడు. అంటే పుస్తక లోకంలో కొందరికైనా అసలు రచయిత ఎవరో కొద్ది నెలల్లోనే తెలుసు. టైటిల్ పేజీ మౌనంగా ఉన్నంత మాత్రాన లోకానికి తెలియదని కాదు.

పేరు లేని రచనలను పెద్ద రచయితలకు అంటగట్టే అలవాటు దీనికి మరో ముఖం. డెఫో 1731లో చనిపోయాక ఆయన రచనల జాబితా తరతరానికీ పెరుగుతూ వచ్చింది. 1960లో జాన్ రాబర్ట్ మూర్ తయారుచేసిన జాబితాలో ఐదు వందలకు పైగా రచనలున్నాయి. 1990ల్లో పి.ఎన్. ఫర్‌బ్యాంక్, డబ్ల్యు.ఆర్. ఓవెన్స్ ఒక్కో రచనకూ ఆధారమేమిటని అడుగుతూ వెళ్లి, దాదాపు సగాన్ని పక్కన పెట్టారు. శైలి పోలిక, అభిప్రాయాల పోలిక తప్ప మరేమీ లేని రచనలే అందులో ఎక్కువ. రాజకీయ కరపత్రాల్లో ఒకే వాదాన్ని పదిమంది ఒకే తీరుగా రాసిన కాలం అది. అందుకే ‘డెఫో రాశాడు’ అనడానికీ ‘డెఫోదని చెబుతారు’ అనడానికీ మధ్య తేడాను మన రాతలో నిలుపుకోవడం అవసరం.

ప్రచురణకర్త, ఊరు

‘రాబిన్సన్ క్రూసో’ విలియం టేలర్ కోసం అచ్చయిందని టైటిల్ పేజీ చెబుతుంది. లండన్‌లో పేటర్నాస్టర్ రో వీధిలో, ‘షిప్’ గుర్తున్న దుకాణం ఆయనది. పుస్తకం విడుదలకు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 23న, ఆయన దాన్ని తన పేరిట రిజిస్టరు చేయించాడు. ఇక్కడ రెండు ఆధారాలు కలిశాయి. టేలరే హక్కుదారు అని ధైర్యంగా చెప్పవచ్చు.

1704 నాటి స్విఫ్ట్ వ్యంగ్య రచన ‘ఎ టేల్ ఆఫ్ ఎ టబ్’ సంగతి అలా కాదు. టైటిల్ పేజీ మీద జాన్ నట్ పేరుంది. కానీ 1710లో ఆ పుస్తకం కొత్త ముద్రణ గురించి స్విఫ్ట్ ఉత్తరాలు నడిపింది బెంజమిన్ టుక్‌తో. అలా నిర్ణయాలు తీసుకున్నవాడు టుక్. నట్ చేసింది పుస్తకాన్ని తన పేరిట అంగళ్లకు పంపడం. ఇలా ఇతరుల పుస్తకాలను తమ పేరుతో బజారుకెక్కించే వ్యాపారులు లండన్‌లో ఒక ప్రత్యేక వర్గంగా ఉండేవారని మైకేల్ ట్రెడ్‌వెల్ 1980ల్లో వివరంగా చూపించాడు. నట్, జాన్ మార్ఫ్యూ, అబిగెయిల్ బాల్డ్విన్, వార్విక్ లేన్‌లోని జేమ్స్ రాబర్ట్స్ ఈ కోవలోని వారు. రాబర్ట్స్ పేరు కనిపించిన ప్రతి కరపత్రాన్నీ ఆయన అభిరుచికి, ఆయన రాజకీయాలకు ముడిపెడితే తప్పుదారి పట్టినట్టే.

ఊరి పేరును కూడా నమ్మలేని సందర్భాలున్నాయి. 1728 మేలో వచ్చిన పోప్ కావ్యం ‘డన్సియాడ్’ టైటిల్ పేజీ, అది డబ్లిన్‌లో అచ్చయిందని, లండన్‌లో ఎ. డాడ్ కోసం మళ్లీ అచ్చువేశారని చెబుతుంది. అంతకుముందు డబ్లిన్ ముద్రణ ఏదీ లేదు. ఆన్ డాడ్ టెంపుల్ బార్ దగ్గర పత్రికలు, కరపత్రాలు అమ్ముకునే స్త్రీ. ఎందరో సమకాలీన రచయితలను చీల్చి చెండాడిన ఆ కావ్యానికి అసలు బాధ్యులు ఆమె పేరు వెనక నిలబడ్డారు. ఇలాంటి అమ్మకందార్లు, వాళ్లలో చాలామంది స్త్రీలు, అరెస్టు భయాన్ని తలకెత్తుకుని ఆ పుస్తకాలను పాఠకులకు చేర్చారు. సాహిత్య చరిత్రలో వారికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

సంవత్సరం

తేదీలో రెండు చిక్కులున్నాయి. మొదటిది పంచాంగం. 1752 దాకా ఇంగ్లండ్‌లో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి 1 లెక్క కూడా వాడుకలో ఉండేది. ‘మాల్ ఫ్లాండర్స్’ తొలి ముద్రణ మీద 1721 అని ఉంది. మన లెక్కలో అది వెలువడింది 1722 జనవరి చివర్లో. పాత లెక్క ప్రకారం పుటమీద అచ్చయింది తప్పు కాదు.

రెండోది వ్యాపార ఆచారం. నవంబరు దాటి తయారయ్యే పుస్తకాల మీద వచ్చే ఏడాది వేసే అలవాటు ముద్రాపకుల్లో ఉండేది. కొత్త సంవత్సరం వచ్చాక కూడా పుస్తకం కొత్తగానే కనిపించాలన్నది వారి ఆలోచన. కాస్త తరవాతి ఉదాహరణ శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘పమేలా’. అది 1740 నవంబరులో బజారులోకి వచ్చింది, టైటిల్ పేజీ మీద మాత్రం 1741 ఉంది. ఒక ఉదాహరణ ఏడాది వెనక్కి, మరొకటి ఏడాది ముందుకు. రెంటినీ ఒకే సూత్రంతో సరిదిద్దలేం.

పత్రికా ప్రకటనలు ఇక్కడ అక్కరకొస్తాయి. అయితే ‘ఈరోజే వెలువడింది’ అన్న ప్రకటన రోజుల తరబడి మళ్లీ మళ్లీ పడేది. అందుకని వాటిలో తొలి ప్రకటనే పనికొస్తుంది. అప్పుడు కూడా వేర్వేరు పత్రికలను పోల్చి చూడాలి.

గలివర్: కాగితం చెప్పే సాక్ష్యం

అచ్చు పుటలోని మాటలే కాక, పుస్తకం తయారైన తీరు కూడా సాక్ష్యం చెబుతుంది. ‘గలివర్స్ ట్రావెల్స్’ ఇందుకు మంచి ఉదాహరణ. 1726 వేసవిలో బెంజమిన్ మాట్ అనే పుస్తక వ్యాపారికి రిచర్డ్ సింప్సన్ అన్న మారుపేరుతో ఒక ఉత్తరం అందింది. రాతప్రతికి 200 పౌన్లు అడిగిన ఉత్తరం అది. అక్టోబరు 28న పుస్తకం రెండు సంపుటాలుగా, 8 షిల్లింగుల 6 పెన్నీల ధరకు వచ్చింది. ఎక్కడా స్విఫ్ట్ పేరు లేదు. ఓడ కెప్టెన్ లెమ్యుయెల్ గలివర్ బొమ్మ ఉంది, ఆయన ఊరు, వయసు కూడా ఉన్నాయి.

ఆ తొలి ముద్రణ పుటలు తిప్పితే ఒక విశేషం కనిపిస్తుంది. సంపుటాలు రెండే అయినా, నాలుగు భాగాల్లో ప్రతిదానికీ పుటల సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చువేసి మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పుటలు వస్తాయి. అదొక ఫారం. ఒకే అచ్చాఫీసులో పని వరసగా సాగితే ఫారాలను, పుటలను చివరిదాకా లెక్కపెట్టుకుంటూ పోవడం సులువు. భాగాలు వేర్వేరు చోట్ల ఒకేసారి తయారవుతుంటే, ముందు భాగం ఏ పుటతో ముగుస్తుందో తర్వాతి భాగం కూర్చేవారికి తెలియదు. విడి లెక్కలు అందుకేనని ఊహించవచ్చు.

ఊహ ఒక్కటే అయితే చాలదు. అధ్యాయాల మొదట్లో, చివర్లో అచ్చువేసే చెక్క అలంకారాలు చేతితో చెక్కినవి. ఒక అచ్చాఫీసు దిమ్మె మరో అచ్చాఫీసు దిమ్మెలా ఉండదు. ఆ అలంకారాలను ఇతర పుస్తకాల్లోని వాటితో పోల్చి, మాట్ ఈ పనిని ఐదు అచ్చాఫీసులకు పంచాడని ట్రెడ్‌వెల్ తేల్చాడు. టైటిల్ పేజీ చెప్పింది మాట్ పేరు ఒక్కటే. దాని వెనక ఐదు చోట్ల కంపోజిటర్లు, యంత్రం తిప్పినవారు ఉన్నారని పుస్తకమే చెప్పింది. తొందర ఎంతగా ఉందో, దొంగ ముద్రణల భయం ఎంతగా ఉందో దీన్నిబట్టి అంచనా వేయవచ్చు.

ఇక పాఠం. మాట్ కొన్ని చోట్లను మెత్తబరిచాడని, మార్చాడని స్విఫ్ట్ వాపోయాడు. ఆయన స్నేహితుడు చార్ల్స్ ఫోర్డ్ 1727 జనవరిలో దిద్దుబాట్ల జాబితా పంపాడు. 1735లో డబ్లిన్‌లో జార్జ్ ఫాక్నర్ వేసిన ముద్రణలో ఎన్నో మార్పులు చేరాయి. అప్పటికి ఐర్లండ్‌కు లండన్ కాపీహక్కు చట్టం వర్తించదు కనుక ఫాక్నర్‌కు అడ్డు లేదు. అయితే ఆ మార్పుల్లో మొదటి రాతప్రతికి చెందినవేవో, తొమ్మిదేళ్ల తరవాతి కొత్త ఆలోచనలేవో ప్రతిచోటా విడదీయలేం, ఎందుకంటే రాతప్రతి మిగల్లేదు. మూడో భాగంలో ఎగిరే దీవి మీద ఒక నగరం తిరగబడిన ఘట్టం 1735లో కూడా అచ్చుకాలేదు. ఫోర్డ్ తన ప్రతిలో అతికించుకున్న కాగితాల మీద అది చేతిరాతలో నిలిచింది, 1899లో గానీ అచ్చుకెక్కలేదు. ఆ ఘట్టాన్ని ఆధారం చేసుకుని 1726 పాఠకుల స్పందన గురించి వాదిస్తే, వారు చూడని పుటను వారి చేతిలో పెట్టినట్టవుతుంది.

ఎవరు చదివారు?

పాఠకుల విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. పోప్ ‘ఇలియడ్’ అనువాదాన్ని బెర్నార్డ్ లింటాట్ 1715–1720 మధ్య ఆరు సంపుటాల్లో తెచ్చాడు. చందాదారుడికి సంపుటి ఒక గినీ. తొలి సంపుటిలో అచ్చయిన జాబితాలో 575 మంది పేర్లున్నాయి. ఎవరు డబ్బు కట్టారో, ఎవరి పేరు ఆ పుస్తకానికి గౌరవమని భావించారో అందులో తెలుస్తుంది. ఎవరు చదివారో తెలియదు.

‘రాబిన్సన్ క్రూసో’ ధర 5 షిల్లింగులు. లండన్ కూలీకి అది దాదాపు మూడు రోజుల సంపాదన. ఆగస్టుకల్లా నాలుగు ముద్రణలు వచ్చాయి. ఒక్కో ముద్రణలో ఎన్ని ప్రతులో టైటిల్ పేజీ చెప్పదు కనుక, ఈ నాలుగు ముద్రణలను పాఠకుల సంఖ్యగా మార్చలేం. అదే ఆగస్టులో టి. కాక్స్ పేరిట 2 షిల్లింగుల సంక్షిప్త ప్రతి వచ్చింది. అక్టోబరు నుంచి ఒక లండన్ పత్రిక కథను ధారావాహికగా వేసింది. చవక రూపాలు పుట్టడం కోరిక విస్తరించిందనడానికి గట్టి సూచన, అంతవరకే. సంక్షిప్తం చేయడం చట్టాన్ని ఉల్లంఘించినట్టా కాదా అన్నది అప్పటికి తేలలేదు. 1740 నాటి గైల్స్ వర్సెస్ విల్‌కాక్స్ కేసులో కోర్టు, నిజాయితీగా చేసిన సంక్షిప్తానికి చోటిచ్చింది.

ముగింపు

టైటిల్ పేజీ అబద్ధాల పుట్ట అని తేల్చేయడం కూడా తొందరపాటే. టేలర్ విషయంలో అది నిజమే చెప్పింది. నట్ విషయంలో సగం చెప్పింది. ‘డన్సియాడ్’ విషయంలో కావాలనే దారి మళ్లించింది. ఏది ఏ రకమో తేలేది రిజిస్టరు, ఉత్తరాలు, పత్రికా ప్రకటనలు, అచ్చాఫీసు లెక్కల పుస్తకాలు, అలంకారాలు, ఫారాలు ఒకచోట చేర్చి చూసినప్పుడే. ఈ పుస్తకాల ఫొటోలు నేడు తెరమీద ఇంటి దగ్గరే దొరుకుతున్నాయి, అది గొప్ప మేలు. కానీ కాగితంలోని నీటిగుర్తు, మార్చి అతికించిన ఆకు ఆ ఫొటోలో చాలాసార్లు కనిపించవు. ఒక ప్రతిని చూసి మొత్తం ముద్రణ గురించి మాట్లాడకూడదన్న నియమం అందుకే ఇంకా చెల్లుతుంది. ఏ వివరం టైటిల్ పేజీ నుంచి తీసుకున్నామో, ఏది వేరే ఆధారంతో నిలబడిందో వ్యాసంలోనే విడివిడిగా రాస్తే, తర్వాత వచ్చే పరిశోధకుడు మన పొరపాటును సరిదిద్దగలుగుతాడు, మన నిజాన్ని ముందుకు తీసుకెళ్లగలుగుతాడు.