గిటార్ పొట్టలో ఆంప్లిఫయర్

మామూలు గిటార్‌కు బోలు పొట్ట ఉంటుంది. తీగ మీటితే అదే పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌ది చాలావరకు గట్టి చెక్క. తీగ ఊగినప్పుడు కింద ఉన్న పికప్‌లో, అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగలో, కాస్త విద్యుత్తు పుడుతుంది. అది వోల్టులో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని పెంచి స్పీకర్‌కు అందించే ఆంప్లిఫయర్ లేకపోతే ఆ గిటార్ దాదాపు మూగదే.

1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బ్యాకర్ వాళ్ల 'ఫ్రయింగ్ పాన్' వచ్చింది. అది ఒళ్లో పెట్టుకుని వాయించే గిటార్. అప్పటి నుంచీ ఈ వాద్యాన్ని గోడలోని కరెంటు ప్లగ్గుకు కట్టేసినట్టే అయింది. అప్పటి ఆంప్లిఫయర్లలోని వాల్వులకు, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులకు, వందల వోల్టులు కావాలి, పైగా అవి కాలిపోతుంటాయి. వాటిని గిటార్‌లో ఎలా పెడతారు? 1962లో డేన్‌ఎలక్ట్రో సంస్థ సియర్స్ దుకాణాల కోసం చేసిన సిల్వర్‌టోన్ గిటార్‌కు దాని పెట్టెలోనే ఆంప్లిఫయర్‌ను అమర్చింది. గొప్ప ఆలోచనే, కానీ దానికీ గోడ కరెంటే దిక్కు. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్ చవకై రేడియోల్లోకి చేరాకే బ్యాటరీతో పని జరిగింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఏ కంపెనీలోనూ జరగలేదు. 1963 ఆగస్టులో ఇంగ్లండ్‌లో బ్రయాన్ మే అనే కుర్రాడు తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ చేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత నిప్పుగూటి పైనున్న మహాగని చెక్క దొరికింది. తీగల బిగువును సమతూకంలో ఉంచడానికి పాత మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు వాడారు. అదే 'రెడ్ స్పెషల్'. తొమ్మిదేళ్ల తర్వాత, 1972లో, 'క్వీన్' బృందంలో అతనితో వాయించే జాన్ డీకన్‌కు లండన్ వీధిలోని చెత్తతొట్టిలో ఒక సర్క్యూట్ బోర్డు కనిపించింది. ఎలక్ట్రానిక్స్ చదివినవాడు కనుక అది ఆంప్లిఫయర్ బోర్డని వెంటనే పోల్చుకున్నాడు. ఇంటికి తెచ్చి, ఒక చిన్న స్పీకర్ పెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి కలిపాడు. వాల్యూమ్ మర లేదు, టోన్ మర లేదు.

ఆ పెట్టెలోంచి రెడ్ స్పెషల్ వయొలిన్‌లా, క్లారినెట్‌లా పలికింది. 1975 నాటి క్వీన్ పాట 'గుడ్ కంపెనీ'లో జాజ్ బ్యాండు వినిపిస్తుంది కదా, ఆ బాకాలూ క్లారినెట్లూ అన్నీ గిటారే. తొమ్మిది వోల్టుల్లో శబ్దతరంగానికి ఎగరడానికి చోటు తక్కువ. తీగను కాస్త గట్టిగా మీటగానే ఆ తరంగం కొనలు నలిగి గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురులోనే దాని అందమంతా ఉంది. చిన్న ఆంప్లిఫయర్‌ను లోపంగా చూసేవాళ్లు ఈ ఒక్క పాట వినాలి.

1973లో ఆరు పెన్‌టార్చి బ్యాటరీలతో నడిచే పిగ్‌నోస్ అనే చిన్న ఆంప్లిఫయర్ అమ్మకానికి వచ్చింది. దాని మర పంది ముక్కులా ఉంటుంది. 1990లో జపాన్‌లో ఫెర్నాండెజ్ సంస్థ స్పీకర్‌నూ ఆంప్లిఫయర్‌నూ గిటార్‌లోనే పెట్టి 'జో-సాన్' తెచ్చింది. జపనీస్‌లో 'ఏనుగుగారు' అని అర్థం. ఆకారమూ అలాగే ఉంటుంది.

సొంతంగా చేసుకునేవాళ్లకు దారి వేసింది మాత్రం ఎల్ఎం386 అనే ఎనిమిది కాళ్ల ఐసీ. నాలుగు వోల్టుల నుంచే పనిచేస్తుంది. శబ్దాన్ని ఇరవై రెట్లు పెంచుతుంది. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య పది మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే రెండు వందల రెట్లు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే చేతిలో పెడతారు.

కష్టమంతా చెక్కలోనే. స్పీకర్ కదలిక చెక్క గుండా మళ్లీ తీగలకు చేరితే గిటార్ ఆగకుండా కూత పెడుతుంది. అందుకని స్పీకర్‌ను పికప్‌కు వీలైనంత దూరంగా బిగించి, అంచుకు మెత్తని ఫోమ్ వేయాలి. స్విచ్ తప్పనిసరి. వాయించకపోయినా ఆ ఐసీ సుమారు నాలుగు మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది, మరిచిపోతే మంచి బ్యాటరీ కూడా వారం నిలవదు. మామూలు జాక్‌ను మాత్రం తీసేయకండి. మీరు చేసిన గిటార్‌ను ఏదో ఒక రోజు పెద్ద ఆంప్లిఫయర్‌కు కలపాల్సి వస్తుంది.