పిల్లి పోయిన ఇంటికి పిల్లికూనలు

ఇంట్లో తిరిగే పిల్లి చనిపోతే ఆ లోటు ముందుగా రాత్రివేళ తెలుస్తుంది. అటకమీద, ధాన్యం బస్తాల వెనుక, అంతవరకు వినబడని చప్పుళ్ళు మొదలవుతాయి. పిల్లలు దిగులుపడతారు. పెద్దలు గింజల సంగతి ఆలోచిస్తారు. కొద్ది రోజులకే ఎవరి ఇంట్లోనైనా పిల్లి ఈనిందేమో అని వాకబు చేసి, ఒక కూననో, రెండు కూనలనో సంచిలో వేసి తెచ్చుకుంటారు.

నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన రామన్నపేట వంటి ఊళ్ళలో ఈ ఆచారానికి బలమైన కారణం ఉన్నది. ఇది మెట్ట ప్రాంతం. చెరువుల కింద వరి తప్ప, తక్కిన నేలల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం పండించేవారు. వాన నమ్మకం లేని చోట ఒక ఏటి గింజలు మరొక ఏటికి నిలవ ఉండాలి. అందుకై వెదురుతో అల్లి, మట్టి పేడ కలిపి మెత్తిన గుమ్ములు, నేలలో తవ్విన పాతరలు ఏర్పడినవి. గింజ నిలవ ఉన్నచోటికి ఎలుక వస్తుంది. ఎలుక ఉన్నచోటికి పిల్లి వస్తుంది. ఇంతటి సామాన్యమైన విషయంలో సుమారు పదివేల సంవత్సరాల చరిత్ర ఇమిడి ఉన్నది.

గింజల వెంట వచ్చిన జంతువు

పశ్చిమాసియాలో మానవుడు గోధుమ, యవలు పండించి నిలవ చేయడం నేర్చినప్పుడు, ఆ కొట్లను చుంచెలుకలు ఆశ్రయించినవి. వాటికోసం అడవి పిల్లులు ఊళ్ళ అంచులకు చేరినవి. కుక్కను మానవుడు వేటకు, ఆవును పాలకు, ఎద్దును దుక్కికి వాడుకొన్నాడు. పిల్లిని అతడు ప్రత్యేకంగా పిలిచినట్లు కనబడదు. దానివల్ల నష్టం లేదు, లాభం ఉన్నది, కనుక ఉండనిచ్చాడు.

మన ఇంటి పిల్లులకు మూలమైన జాతి ఏది అనే ప్రశ్నకు 2007లో జన్యుశాస్త్రజ్ఞులు సమాధానం చెప్పారు. ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నీ ఫెలిస్ లిబికా అనే అడవి పిల్లి సంతతివని వారు చూపించారు. ఇది పశ్చిమాసియాలోను, ఉత్తర ఆఫ్రికాలోను తిరిగే సన్నని, మట్టిరంగు జంతువు. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతాల పొలాలలోను, చెరువుగట్ల పొదలలోను కనబడే అడవి పిల్లి వేరొక జాతి. శతాబ్దాల తరబడి మన పొలాలలోనే ఎలుకలు పట్టినా, అది మన ఇంటి పిల్లికి పూర్వీకురాలు కాదు.

సైప్రస్ ద్వీపంలో షిల్లూరోకాంబోస్ అనే చోట సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో ఒక మనిషి అస్థిపంజరం, దానికి 40 సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది నెలల పిల్లి అస్థిపంజరం ఉన్నవి. ఈ సంగతి 2004లో ప్రకటితమైంది. సైప్రస్‌లో పిల్లులు సహజంగా పుట్టినవి కావు. ఎవరో ఒకరు పడవమీద సముద్రం దాటించి తెచ్చి ఉండాలి. కూనను ఇంటికి తెచ్చుకోవడానికి మనకు తెలిసిన మిక్కిలి పాత నిదర్శనాలలో ఇది ఒకటి.

ఈజిప్టులోని హైరాకాన్‌పోలిస్ శ్మశానంలో, సుమారు 5,700 సంవత్సరాల కిందటి ఒక గోతిలో ఆరు పిల్లులు దొరికినవి: ఒక మగది, ఒక ఆడది, నాలుగు కూనలు. ఎముకల పెరుగుదలను బట్టి ఆ కూనలు ఒకే ఈతవి కావనీ, రెండు వేర్వేరు ఈతలకు చెందినవనీ తేలింది. అంటే ఎవరో వాటిని కూడబెట్టి కొంతకాలం సాకారు.

పిల్లి చనిపోతే

పిల్లి మరణాన్ని కుటుంబ దుఃఖంగా భావించిన ప్రాచీనులలో ఈజిప్టు వారిని ముందు చెప్పాలి. ఇంట్లో పిల్లి సహజంగా చనిపోతే ఆ ఇంటివారందరు కనుబొమ్మలు గొరిగించుకొంటారని, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాశాడు. కుక్క చనిపోతే తల, ఒళ్ళు మొత్తం గొరిగించుకొంటారట. అంతకు చాలాకాలం ముందే, సుమారు క్రీస్తుపూర్వం 1350 ప్రాంతంలో, థుట్మోస్ అనే రాజకుమారుడు తన పిల్లికి రాతి శవపేటిక చేయించాడు. దాని పేరు ‘తా-మియు’. ఆ దేశ భాషలో పిల్లికి ‘మియు’ అని పేరు. ఆ పేరు ఎట్లా పుట్టిందో పిల్లి కూత విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ ప్రేమకు మరొక ముఖం కూడా ఉన్నది. తరువాతి కాలంలో దేవాలయాలకు మొక్కుబడిగా ఇవ్వడానికి పిల్లులను లక్షలాదిగా పెంచి చంపేవారు. ఎక్స్‌రే పరీక్షలలో అనేక మమ్మీలు ఏడాది నిండని పిల్లులవని, వాటి మెడలు విరిచి ఉన్నవని తెలిసింది. 1888లో బేని హసన్ దగ్గర బయటపడిన పిల్లి మమ్మీలలో సుమారు 19 టన్నులను ఓడమీద లివర్‌పూల్‌కు పంపి, 1890లో ఎరువుగా వేలం వేశారు. ఒకప్పుడు దేవతకు అర్పించిన పిల్లులు చివరకు ఇంగ్లండు పొలాలలో కలిసిపోయినవి.

మన దేశంలో

సింధులోని చన్హుదారో త్రవ్వకాలలో (1935–36) ఒక ఇటుక దొరికింది. దాని పచ్చి మట్టిమీద పిల్లి అడుగులు, వాటిని కొంత కప్పుతూ కుక్క అడుగులు పడినవి. పరుగెత్తే పిల్లిని కుక్క తరిమిందని త్రవ్వకాలు జరిపిన మెకే ఊహించాడు. నాలుగువేల ఏండ్ల కిందటి ఈ చిన్న తగవు ఇటుకలో కాలి నిలిచిపోయింది. అది పెంపుడు పిల్లియో, అడవి పిల్లియో అడుగులు చెప్పలేవు.

సంస్కృతంలో పిల్లికి ‘ఆఖుభుక్’ అని పేరు. ఎలుకలను తినేది అని అర్థం. ‘మార్జారం’ అనే మాటకు తుడుచుకొనేది, శుభ్రం చేసుకొనేది అని అర్థం. ఒకటి దాని పనిని, మరొకటి దాని అలవాటును చెప్పుతున్నవి. మామల్లపురంలో 7వ శతాబ్దపు పల్లవ శిల్పులు ఒంటికాలిమీద తపస్సు చేసే పిల్లిని, దాని చుట్టూ ఎలుకలను చెక్కారు. శ్రీవైష్ణవులలో ‘మార్జాల న్యాయం’ ప్రసిద్ధం. తల్లి పిల్లి కూనను నోట కరచి తీసుకొనిపోయేటప్పుడు కూన ఏ ప్రయత్నమూ చేయదు. భక్తుడూ అట్లే ఉండాలని భావం. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పల్లెలలో చెప్పే మాట కూడా చక్కని పరిశీలనే. చోటు క్షేమం కాదనిపిస్తే తల్లి వాటిని మార్చివేస్తుంది.

ప్లేగు నేర్పిన పాఠం

1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించింది. 1894లోనే యెర్సిన్ ఆ వ్యాధి సూక్ష్మజీవిని కనుగొన్నాడు. 1898లో కరాచీలో సైమండ్ ఎలుకలమీది గోమార్ల ద్వారా అది మనుషులకు సంక్రమిస్తుందని చూపించాడు. 1911లో హైదరాబాదు నగరంలో కూడా ప్లేగు తీవ్రంగా చెలరేగింది.

ఆ రోజులలో బీరారులోని అమరావతిలో ఆండ్రూ బుకానన్ అనే వైద్యాధికారి ఉండేవాడు. ఇది కృష్ణాతీరపు అమరావతి కాదు. నిజాము 1902లో బ్రిటిషువారికి శాశ్వత కౌలుకు ఇచ్చిన బీరారులోనిది. పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ప్లేగు తక్కువగా ఉన్నదని గమనించి, ఇంటింటా పిల్లిని పెంచాలని 1908లో ఆయన వైద్య పత్రికలో వ్రాశాడు.

ఆయన గమనించిన సంగతి ఆలోచించతగినదే. కాని తరువాతి పరిశోధనలు దీనికి హద్దులు చూపినవి. పిల్లికి కూడా ప్లేగు వస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో 1977–1998 మధ్య పిల్లుల ద్వారా ప్లేగు సోకిన మనుషులు 23 మంది. ఎలుకలను పిల్లి అదుపులో ఉంచే శక్తికి కూడా హద్దు ఉన్నది. న్యూయార్కులోని ఒక చెత్త కేంద్రంలో 79 రోజులు పరిశీలించగా పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే అని 2018లో వెల్లడైంది. పిల్లి తిరిగినప్పుడు ఎలుకలు ఎక్కువగా దాగి ఉన్నవి, అంతే. చుంచెలుకలను, పిల్ల ఎలుకలను పిల్లి సులభంగా పట్టగలదు. పందికొక్కు ముందు అది తరచు వెనుకంజ వేస్తుంది. కాబట్టి పిల్లి ఉన్నా గుమ్మి గట్టిగా ఉండాలి, కంతలు పూడ్చాలి.

వేట నేర్పేది ఎవరు?

ఎలుకను పట్టడం పిల్లికి పుట్టుకతో వచ్చిన విద్యా, నేర్చుకొన్న విద్యా? చైనా శాస్త్రజ్ఞుడు జింగ్-యాంగ్ కువో 1930లో దీనిమీద ప్రయోగాలు ప్రకటించాడు. ఎలుకలను చంపే తల్లి దగ్గర పెరిగిన 21 కూనలలో 18 ఎలుకలను చంపినవి. ఒంటరిగా పెంచిన 20లో 9 మాత్రమే చంపినవి. పుట్టినప్పటినుండి ఎలుకలతోనే కలిపి పెంచిన 18లో 3 మాత్రమే చంపినవి. అంటే కొంత రక్తంలో ఉన్నది, కొంత పెంపకంలో ఉన్నది. వేటలో నేర్పరి అయిన తల్లి కూననే అడిగి తెచ్చుకొనే గృహిణి తెలివి ఇందువల్ల సమర్థింపబడుతున్నది.

మచ్చిక విషయం కూడా ఇట్లాంటిదే. పుట్టిన రెండవ వారం నుండి ఏడవ వారం వరకు మనిషి చేతి స్పర్శ తెలిసిన కూన మనుషులకు దగ్గరవుతుంది. ఆ రోజులు దాటేవరకు మనిషిని ఎరుగనిది ఇంటి పిల్లి సంతానమే అయినా బెదురుతూ ఉంటుంది. మనుషులతో కలిసి ఉండగల గుణం పిల్లి జాతికి వచ్చింది. మచ్చిక మాత్రం ప్రతి తరంలోను మళ్ళీ జరగాలి. అందుచేత ఈ సమయంలో పిల్లలు కూనలను మెత్తగా ఎత్తుకొని ఆడించడం వట్టి కాలక్షేపం కాదు.

అయితే పాలు మాని సొంతంగా తినేవరకు, అంటే ఎనిమిది వారాలు, కూన తల్లి దగ్గరే ఉండాలి. తోబుట్టువులను రెండింటిని కలిపి తెస్తే మరొక మేలున్నది. ఒకదానినొకటి కరిచి, కరిపించుకొని, ఎంత గట్టిగా కరవరాదో అవి ఆటలోనే నేర్చుకుంటాయి. రాత్రి ఒంటరిగా అరవవు.

తెచ్చేముందు తెలియవలసినవి

పాత పిల్లి ఎందుకు చనిపోయిందో తెలుసుకోకుండా కొత్త కూనలను తేవడం ప్రమాదకరం. వాంతులు, విరేచనాలు, జ్వరంతో చనిపోయి ఉంటే అది పాన్‌ల్యూకోపీనియా కావచ్చు. ఇది మనుషులకు అంటదు. కాని దాని వైరసు ఇంట్లో ఏడాది వరకు నిలిచి, టీకా లేని కూనలను చంపగలదు. పాత పిల్లి పడుకున్న గోనెలు, గిన్నెలు తీసివేసి, నేలను బ్లీచింగు పౌడరు ద్రావణంతో కడగాలి. కూనలకు ముందుగా టీకా వేయించి, కొంతకాలం ఆగిన తరువాతనే ఆ ఇంటికి తేవాలి. ఈ టీకా ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలై పదహారు వారాల వరకు విడతలుగా పడుతుంది. మూడు నెలలు నిండిన తరువాత రేబిస్ టీకా కూడా వేయించాలి. పిల్లి కరిచినా, రక్కినా ఆ చోటును సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

విషం వల్ల చనిపోయి ఉంటే మరొక జాగ్రత్త. బ్రోమాడయొలోన్ వంటి మందు తిన్న ఎలుకను తిని పిల్లి కూడా చనిపోగలదు. ఒకే ఇంట్లో ఎలుకల మందు, పిల్లి రెండూ ఉండరాదు.

పాలన్నం మాత్రమే పెట్టి పిల్లిని పెంచరాదు. పిల్లి శరీరం టారిన్ అనే పదార్థాన్ని తగినంత తయారు చేసుకోలేదు. అది మాంసంలోను, చేపలలోను దొరుకుతుంది. అది లేకపోతే పిల్లి చూపు దెబ్బతింటుందని 1975లో తెలిసింది. కూనలు జంటగా ఉంటే ఆరు నెలలకే ఈడుకు వస్తాయి. గర్భం సుమారు 63 రోజులు. తోబుట్టువులన్న వరుస వాటికి లేదు. పశువైద్యునిచేత సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించకపోతే, ఏడాది తిరగకముందే ఆ ఇంటివారు కూనలను పెంచేవారికోసం ఊరంతా తిరగవలసి వస్తుంది.

సైప్రస్‌కు పడవలో కూనను తెచ్చిన మనిషికి ఈ విషయాలేవీ తెలియవు. అయినా అతడు దానిని తన పక్కనే ఉంచుకొన్నాడు. నేడు గింజ చాలావరకు మార్కెట్టుకు, గోదాములకు పోతున్నది, గుమ్ములు అరుదైనవి. కూనలకోసం అడిగే ఇళ్ళు మాత్రం తగ్గలేదు. తెచ్చుకొన్న రెండు ప్రాణాలు పాత పిల్లి పోయిన దారిన పోకుండా చూడడం ఇప్పుడు మన చేతిలో ఉన్నది.